సృష్టిదినముల పరిమాణము: మీమాంసాదృష్టి

ఓరుగల్లులో ప్రాతఃకాలమున నిత్యకర్మకు కూర్చుండిన గృహస్థుడు ఆచమించి సంకల్పము చెప్పుకొనును. అందు బ్రహ్మయొక్క ద్వితీయపరార్ధము, శ్వేతవరాహకల్పము, వైవస్వతమన్వంతరము, కలియుగము వరుసగా వచ్చి, తుదకు నాటి తిథివారనక్షత్రములతో ముగియును. ఆ నగరమును ఆనుకొనియున్న కాజీపేటలో, 1952లో ఏర్పడిన వరంగల్ కథోలిక మేత్రాసనమునకు చెందిన ఫాతిమా ప్రధానదేవాలయమున, ఆదివారమునాడు జనులు పనులు మాని ప్రార్థనకు చేరుదురు. వారమునకొక దినము విశ్రాంతికి విడువవలెనను ఆచారమునకు మూలము బైబిలులోని ఆదికాండమున కలదు. ఆరు దినములలో సృష్టి ముగించి దేవుడు ఏడవ దినమున విశ్రమించెనని అందలి కథ. యూదులకు ఆ విశ్రాంతిదినము శనివారము. క్రైస్తవులలో అధికసంఖ్యాకులకు ఆదివారము. ఇట్లు ఒకే ఊరిలో రెండు సంప్రదాయములవారు తమ నేటి దినమును సృష్ట్యాదితో ముడివేసికొనుచున్నారు.

ఆ సృష్టిదినము ఎంతటిది? ఈ ప్రశ్నకు రెండు సమాధానములు తరచుగా వినవచ్చును. ఆరు దినములలో ప్రపంచము పుట్టెననుట బాల్యోక్తియనియు, మన కల్పసంఖ్య మాత్రము విజ్ఞానసమ్మతమనియు ఒకరి మాట. ఆ దినము దినము కాదు, కోట్ల సంవత్సరముల యుగమని, కావున ఆ కథయు విజ్ఞానసమ్మతమే యని మరియొకరి మాట. ఈ రెండింటికిని మూలమైన భ్రమ ఒక్కటే. గ్రంథము ఆదరణీయము కావలెనన్నచో దానిలోని సంఖ్య నేటి భూగర్భశాస్త్రపు సంఖ్యతో సరిపోవలెనని ఇరువురును తలచుచున్నారు. పదమును దాని ప్రసిద్ధార్థమునుండి కదల్చుటకు మన శాస్త్రములో నియమము కలదు. ఆ నియమమును పరుల గ్రంథమునకును మన గ్రంథమునకును ఒకే తీరున పట్టుట న్యాయము. అట్లు పట్టినచో పదములు తమ అర్థములందే నిలుచును; కాలసంఖ్య మాత్రము తాత్పర్యమని చెప్పుటకు వీలుండదు.

పాఠము, పూర్వవ్యాఖ్యాతలు

ఆదికాండము మొదటి అధ్యాయమున హీబ్రూ పాఠములో దినమునకు వాడబడిన పదము ‘యోమ్’. ఆ ఒక్క ప్రకరణమందే ఇది మూడు తీరుల కనబడుచున్నది. దేవుడు వెలుగునకు ‘యోమ్’ అని పేరిడినప్పుడు దానికి పగలు అని మాత్రమే అర్థము. అస్తమయమును ఉదయమును చెప్పి ఒక దినమని లెక్కించినప్పుడు రాత్రితో కూడిన అహోరాత్రము అర్థము. రెండవ అధ్యాయపు నాల్గవ వాక్యములో ఆకాశమును భూమిని చేసిన ‘యోమ్’ అని ఏకవచనములో చెప్పినప్పుడు ఆరు దినముల కార్యమంతయు అందు ఇమిడియున్నది.

ఈ పదవైవిధ్యము మనకు వింత కారాదు. ఋగ్వేదము ఆరవ మండలమున ఒక అగ్నిసూక్తము నల్లని అహస్సును, తెల్లని అహస్సును చెప్పుచున్నది. అచ్చట ‘అహస్’ పదమే రాత్రికిని పగటికిని చెల్లినదని యాస్కుడు నిరుక్తములో చూపెను. తెలుగులో ‘నాడు’ అను పదమును చూచినను ఇదే తెలియును. ‘కాకతీయులనాడు’ అన్నప్పుడు నాడు ఒక యుగము. ‘మూడు నాళ్ళు’ అన్నప్పుడు మూడు రోజులే. ‘మూన్నాళ్ళ ముచ్చట’ అనునప్పుడు మూడు అను సంఖ్యయే కొంత సడలి అల్పకాలమను అర్థమిచ్చును గాని, నాడు యుగముగా మారదు. సంఖ్య చేరినంతనే పదము యొక్క విశాలార్థము ముడుచుకొనునన్నమాట.

ఆరు దినములను గూర్చిన సందేహము ఆధునికవిజ్ఞానముతో పుట్టినది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దికి చెందిన అలెగ్జాండ్రియా యూదపండితుడు ఫైలో, సృష్టికర్తకు కాలముతో పనిలేదని, ఆరు అను సంఖ్య క్రమమును తెలుపుటకే యనెను. మూడవ శతాబ్దిలో ఓరిజన్, సూర్యుడు నాల్గవ దినమున సృజింపబడినప్పుడు అంతకుముందరి మూడు దినములెట్లు కలిగెనని ప్రశ్నించెను. నాల్గవ శతాబ్దిలో బాసిల్ ఇరువదినాలుగు గంటల దినమనియే వ్యాఖ్యానించెను. అగస్టీన్ ఆ దినములు మనమెరిగినవంటివి కావని, వాటి స్వరూపమూహించుట కష్టమని వ్రాసెను. 1650లో ఐర్లండుకు చెందిన జేమ్స్ అషర్ వంశావళులలోని వయస్సులను కూడి, సృష్టి క్రీస్తుపూర్వము 4004లో జరిగెనని నిర్ణయించెను. 19వ శతాబ్దిలో శిలలను పరిశీలించినవారు భూమి అంతకంటె మిక్కిలి పురాతనమని చూపగా, ‘దినమనగా యుగము’ అను వాదము బలపడెను. స్కాట్లండుకు చెందిన హ్యూ మిల్లర్ గ్రంథము 1857లో వెలువడి దానికి ప్రచారము తెచ్చినది. 1956లో ప్యాటర్సన్ ఉల్కాశిలలలోని సీసమును పరీక్షించి భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరములని తేల్చెను. నేటి గణనయు దానికి మిక్కిలి దగ్గరగనే యున్నది.

వేయి సంవత్సరముల సత్రము

ఇట్టి చిక్కే మన మీమాంసకులకు వచ్చినది, అయితే విపరీతదిశలో. అచ్చట దినమును సంవత్సరములుగా పెంచుట ప్రశ్న. ఇచ్చట సంవత్సరమును దినముగా తగ్గించుట ప్రశ్న. తాండ్యమహాబ్రాహ్మణము చివర ‘విశ్వసృజామయనము’ అను సత్రము విహితమైనది. త్రివృత్సంవత్సరములు రెండువందల ఏబది, పంచదశములు రెండువందల ఏబది, సప్తదశములు రెండువందల ఏబది, ఏకవింశములు రెండువందల ఏబది, వెరసి వేయి సంవత్సరములు. మనుష్యుని ఆయువు నూరేండ్లు. మరి దీనిని చేయువాడెవడు? వందల వేల ఏండ్ల సత్రములను ఇప్పుడెవ్వరును ఆచరించుట లేదని పతంజలియు మహాభాష్యము పస్పశాహ్నికములో ప్రస్తావించియున్నాడు.

జైమిని పూర్వమీమాంస ఆరవ అధ్యాయము ఏడవ పాదములో ఈ విచారమునకు ఒక అధికరణమునే కేటాయించెను. పక్షములు అనేకములు వచ్చినవి. దీర్ఘాయువులైన గంధర్వాదులకే ఈ సత్రమని యొకటి. రసాయనసేవచే ఆయువు పెంచుకొన్న మనుష్యులకని మరియొకటి. తండ్రి మొదలిడగా కొడుకులు మనుమలు కొనసాగించు కులకల్పమని కార్ష్ణాజిని మతము. రెండువందల ఏబదిమంది కలిసి నాలుగేండ్లు చేయుదురని వేరొకటి. విరోధము తప్పనప్పుడు రెండు పదములలో నొకటి గౌణము కావలెనని లావుకాయనుని మతము. సంవత్సరమనగా మాసమని, పండ్రెండు రాత్రులని పక్షములు వచ్చి, తుదకు సంవత్సరపదము దినమునే తెలుపునని సిద్ధాంతమైనది.

ఈ సిద్ధాంతమునకు హేతువేమి? ‘వేయేండ్లు అసంభవము, కావున దినమందము’ అని జైమిని ఊరకుండలేదు. అసంభవము విచారమునకు ద్వారము తెరచినది. నిర్ణయము చేసినది వేరొకటి. త్రివృత్తు, పంచదశము, సప్తదశము, ఏకవింశము అనునవి స్తోమముల పేరులు. ఆ స్తోమములతో ఒక్కొక్క సోమయాగదినమును విశేషించుట వేదములో ప్రసిద్ధము. త్రివృత్తైన అహస్సు కలదు. త్రివృత్తైన సంవత్సరము ఎచ్చటను లేదు. ఆ వాక్యములోనే, ఆ పదము ప్రక్కనే నిలిచిన పదము సంవత్సరమును దినమువైపు లాగినది. మాసము, ద్వాదశరాత్రము అను పక్షములకు సైతము శ్రుతివాక్యముల ఆలంబనము కొంత లేకపోలేదు. అయినను ఆ ఆలంబనము ఈ వాక్యమునకు వెలుపలిది. అందుచే అవి నిలువలేదు.

ఈ అధికరణమునుండి తేలు నియమము సులభము. ముఖ్యార్థము కుదరదను మాత్రమున మనకిష్టమైన అర్థము సిద్ధింపదు. ఏ అర్థమునకు కదలవలెనో సమీపపదము, ప్రకరణము చెప్పవలెను. వ్యాఖ్యాత సంకోచమును తీర్చుటకై పదము కదలదు.

ఆదికాండమునకు అన్వయము

ఈ నియమమును ఆదికాండమునకు పట్టి చూతము. ‘యోమ్’ ప్రక్కన నిలిచిన పదములేవి? అస్తమయము, ఉదయము, ఒకటి రెండు మూడు అను సంఖ్య. త్రివృత్పదము సంవత్సరమును దినమువైపు లాగినట్లే, ఇవి దినమును దినముగనే పట్టి నిలుపుచున్నవి. యుగపక్షమునకు ఆధారముగా చూపబడు రెండవ అధ్యాయపు ఏకవచనము సంఖ్య లేని ప్రయోగము; అది ‘కాకతీయులనాడు’ వంటిది. వేయేండ్లు దేవుని దృష్టిలో గడచిన నిన్నటివంటివను కీర్తనవాక్యమును సైతము చూపుదురు. అది ఉపమానము, పరిభాష కాదు. ఉపమానమునుండి కొలత పుట్టదు. పోనీ, వేయేండ్లనియే గ్రహించినను కోట్ల సంవత్సరముల భూగర్భకాలమునకు అది చాలదు.

ఓరిజన్ ప్రశ్నకును పాఠములోనే సమాధానము దొరకును. ఆ ప్రకరణములో దినము సూర్యునిపై ఆధారపడినది కాదు, వెలుగుపై ఆధారపడినది. వెలుగునకే మొదట దినమని పేరు వచ్చినది. సూర్యచంద్రులు తరువాత వచ్చి కాలములను గుర్తించు అధికారమును పొందినవారు. ఖగోళశాస్త్రమున కిది సమ్మతమా యన్నది వేరు మాట. పాఠములో పరస్పరవిరోధము మాత్రము లేదు.

అట్లయిన అషరు పక్షమే గెలిచినదా? లేదు. పదార్థము వేరు, వాక్యతాత్పర్యము వేరు. తాత్పర్యనిర్ణయమునకు మనవారు ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి అని ఆరు లింగములు చెప్పిరి. ఈ ప్రకరణములో అస్తమయోదయముల వాక్యము ఆరుమార్లు అభ్యసింపబడినది. ఉపసంహారములో ఏడవ దినమునకు ఆ వాక్యము లేదు. ఆ దినము ఆశీర్వదింపబడినది. ఫలము నిర్గమకాండము ఇరువదియవ అధ్యాయములో స్పష్టముగా కనబడును. ఆరు దినములు పనిచేసి ఏడవ దినము విశ్రమింపుమను విధి అచ్చట కలదు; దేవుడు ఆరు దినములలో సృజించి ఏడవ దినమున విశ్రమించెను గనుక అను హేతువు ఆ విధిని అనుసరించి వచ్చినది. ఇది విధికి శేషమైన అర్థవాదపు తీరు. యజమానుడు, సేవకుడు, పరదేశి, పశువు సైతము ఆ దినమున విశ్రమింపవలెననుట విధియొక్క విస్తారము. దానికి దైవకార్యమునే ఆదర్శముగా చూపుట స్తుతి.

ఇప్పుడు యుగపక్షములోని దోషము ఇంకను స్పష్టమగును. అర్థవాదములో దినమనగా యుగమన్నచో, విధిలో దినమనగా ఏమి? కూలివాడు ఆరు యుగములు పనిచేసి ఏడవ యుగమున విశ్రమింపజాలడు. విధికిని స్తుతికిని ఉన్న పోలిక తెగిపోవును. విజ్ఞానముతో సంధి కుదుర్చుటకై చేసిన ప్రయత్నము గ్రంథమునకు ప్రాణమైన దానినే తొలగించుచున్నది. అషరు పక్షములోని దోషము వేరు. స్తుతిగా వచ్చినదానిని కాలగణితముగా పఠించుట అది. ప్రమాణాంతరముతో విరోధము కలిగిన అర్థవాదము గుణవాదమని మన సంప్రదాయము. శిలలలోని సాక్ష్యము ప్రత్యక్షానుమానముల కోవకు చెందినది. దానితో పోరాడుటకు స్తుతివాక్యము పుట్టలేదు.

అర్థవాదమనినంతనే గ్రంథమును కించపరచినట్లగునని శంకింపవచ్చును. మీమాంసకుడు వేదములోని గొప్పభాగమునే అర్థవాదమనెను. వేదమునకు అతనికంటె అధికముగా గౌరవమిచ్చినవారు అరుదు. జైమిని నియమము క్రైస్తవులకు శాసనము కాదు; వారి వ్యాఖ్యానసంప్రదాయము వారికి కలదు. అయినను ఫైలో, అగస్టీను చూపిన మార్గము ఈ నిర్ణయమునకు ఎంతో దూరము కాదు.

మన గ్రంథములకు ఇదే కొలత

పరుల గ్రంథమునకు పట్టిన కొలత మన గ్రంథములకు పట్టకున్నచో అది పాండిత్యము కాదు, పక్షపాతము. మనకు దేవదినము, బ్రహ్మదినము కలవు కదా, అచ్చట దినము దీర్ఘకాలము కాలేదా యని అడుగవచ్చును. అయినది, కాని పాఠమే పరిభాష చేసినది. మనుష్యుల సంవత్సరము దేవతల కొక దినమని తైత్తిరీయబ్రాహ్మణము చెప్పుచున్నది. మనుస్మృతి మొదటి అధ్యాయము పితృదినము, దేవదినము, బ్రహ్మదినము వరుసగా నిర్వచించినది. ఎవరి దినమో షష్ఠీవిభక్తి చెప్పుచున్నది. ఆదికాండములో అట్టి నిర్వచనము లేదు.

అయితే ఆ మనుస్మృతియందే ఒక చోటు విచారణీయము. కృతయుగము నాలుగువేల వర్షములు మొదలుగా చెప్పి, సంధ్యలతో కలిపి చతుర్యుగము పండ్రెండువేలని లెక్కించినది. అచ్చట వర్షపదమునకు ‘దివ్య’ యను విశేషణము లేదు. ఆ మొత్తము దేవతలయుగమను మాటను, వెనుకటి దేవదినప్రస్తావమును బట్టి వ్యాఖ్యాతలు దివ్యవర్షములని గ్రహించిరి. 360చే గుణింపగా 43,20,000 సంవత్సరములైనవి. తిలకు 1903లో ప్రకటించిన వేదనివాసవిషయకమైన గ్రంథములో అవి సాధారణవర్షములే యని వాదించెను. భాగవతము మాత్రము తృతీయస్కంధములో దివ్యవర్షములని స్పష్టముగా చెప్పినది. ఏ పక్షము గ్రహించినను ప్రకరణమును చూపియే గ్రహింపవలెను గాని, సంఖ్య పెద్దదైన మనకు ఘనతయని కాదు.

నేడు సభలలో తరచుగా వినవచ్చు మాట మరియొకటి కలదు. బ్రహ్మదినము 432 కోట్ల సంవత్సరములు. భూమి వయస్సు 454 కోట్లు. కావున మన ఋషులు భూమి వయస్సు నెరుగుదురని. సంకల్పము చెప్పుకొనువాడు ఒక్క నిమిషము లెక్కవేసినచో ఇందలి దోషము తెలియును. 432 కోట్లు బ్రహ్మదినము యొక్క పూర్ణపరిమాణము. ఆ దినములో మనమిప్పుడు ఏడవ మన్వంతరమున, ఇరువదియెనిమిదవ కలియుగమున ఉన్నామని సంకల్పమే చెప్పుచున్నది. గడచినది సుమారు 197 కోట్లు మాత్రమే. దినమింకను సగము కాలేదు. గడచినకాలమును విడిచి పూర్ణదినమును భూమి వయస్సుతో పోల్చుట, ‘యోమ్’ను యుగముగా సాగదీయుటకంటె మేలైన పని కాదు.

మన జ్యోతిషాచార్యులు ఈ సంఖ్యలను ఎంత స్వేచ్ఛతో విచారించిరో చూడదగును. సూర్యసిద్ధాంతము కల్పాదిని బ్రహ్మకు చరాచరసృష్టి చేయుటకు 47,400 దివ్యవర్షములు, అనగా 1,70,64,000 మానుషవర్షములు పట్టెనని చెప్పి, గ్రహగణితమును అటుపిమ్మట ఆరంభించెను. బ్రహ్మగుప్తుని మతములో ఆ మినహాయింపు లేదు. గ్రహములు కల్పాదినుండియే చలించుచున్నవి. ఆర్యభటుడు నాలుగు యుగపాదములను సమానముగా విభజించి, కల్పమునకు 1008 చతుర్యుగములనెను. అది స్మృతివిరుద్ధమని బ్రహ్మగుప్తుడు ఆక్షేపించెను. అందరును ఆచార్యులే. సృష్టికి పట్టిన కాలము ఇంతయని ఏకవాక్యత మనలోనే లేదు. ఇట్టివారు ఆదికాండపు ఆరు దినములను చూచి నవ్వుట తగదు.

గణితము ఎచ్చట నిర్ణాయకము

అట్లయిన గణితమునకు పదార్థనిర్ణయములో తావే లేదా? కలదు, దానికి హనుమకొండయందే దృష్టాంతము కలదు. వేయిస్తంభముల గుడిలోని కాకతి రుద్రదేవుని శాసనమున శకవర్షము 1084, చిత్రభానుసంవత్సరము, మాఘశుద్ధత్రయోదశి, ‘వడ్డవారము’ అని యున్నది. వడ్డవారమనగా ఏ వారమో పరిశోధకులు విచారింపవలసివచ్చినది. ఆ తిథి క్రీస్తుశకము 1163 జనవరి 19వ తేదీకి సరిపోవుచున్నది. ఆ దినము గణితముచే శనివారమగుచున్నది. కావున వడ్డవారము శనివారమని నిర్ణయము.

ఇచ్చట గణితము పదార్థమును నిర్ణయించుట న్యాయమే. ఏలయనగా ఆ పంక్తుల తాత్పర్యమే తేదీని తెలుపుట. శాసనము వ్రాయించినవాడు లెక్కను ఉద్దేశించినాడు. లెక్కతోనే అతని మాట తెలియును. సృష్టికథ ఉద్దేశించినది వేరు. లెక్కకై పుట్టిన వాక్యమునకు లెక్క ప్రమాణము; స్తుతికై పుట్టిన వాక్యమునకు విధి ప్రమాణము. ఈ భేదమును మరచుటచేతనే ఒకడు శాసనమును పురాణముగను, ఒకడు పురాణమును శాసనముగను చదువుచున్నాడు.

ప్రాచ్యకళాశాలలలో అమరకోశపు కాలవర్గము, మనుస్మృతి, భాగవతము పాఠ్యములుగా బోధింపబడునప్పుడు విద్యార్థి కాలమానమును వల్లించును. భూమి వయస్సును అతడు చిన్ననాడే విజ్ఞానపాఠములో చదివియుండును. ఈ రెండింటికి నడుమ అధ్యాపకుడు అతనికేమి చెప్పునన్నది చిన్న విషయము కాదు. సంఖ్యలను వంచి సరిపుచ్చినచో, ఆ వంపు తెలిసిన నాడు విద్యార్థికి శాస్త్రమునందును గురువునందును విశ్వాసము సడలును. పరమతగ్రంథమును పరిహసించినచో, ప్రక్క బల్లపై కూర్చుండిన క్రైస్తవవిద్యార్థి మనస్సు నొచ్చును. పరిహసించినవానికి మాత్రము నియమము తెలియకయే పోవును. అందుకు బదులుగా మూడు ప్రశ్నలు నేర్పుట మేలు. పదము ప్రక్కన ఏ పదమున్నది? పాఠము తానుగా పరిభాష చేసినదా? ఆ వాక్యము లెక్క చెప్పుటకు పుట్టినదా, చేయవలసిన పనికి శేషముగా పుట్టినదా?

సంకల్పము సైతము పరార్ధముతో మొదలై ‘కరిష్యే’ యను క్రియాపదముతో ముగియుచున్నది. అంతటి కాలము చెప్పినది, ఈ దినమున ఈ కర్మను చేయుటకు.